థ్రాటిల్ బాడీ సవరణ: ఇంట్లో చేసుకోదగిన పని, మిషన్ షాపుకు అప్పగించవలసిన పని

థ్రాటిల్ బాడీ అంటే యాక్సిలరేటర్‌ను నొక్కినదాన్ని బట్టి ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం. దానిని సవరించాలనుకునే వారి దృష్టి అంతా అది ఎంత విశాలంగా తెరుచుకుంటుందన్న దాని మీదే ఉంటుంది. నిజానికి ఆ భాగం తయారీలోని పనితనమంతా అది ఎంత సరిగ్గా మూసుకుంటుందన్న దానిలో ఉంది. పూర్తిగా తెరిచినప్పుడు థ్రాటిల్ బాడీ మధ్యలో ఒక కడ్డీ అడ్డంగా ఉన్న గొట్టం మాత్రమే. మూసుకున్నప్పుడు మాత్రం, బోరు (గాలి పోయే ఆ గొట్టపు లోపలి రంధ్రం) గోడకూ బటర్‌ఫ్లై పలక (దానిని మూసే గుండ్రని బిళ్ల) అంచుకూ మధ్య మిగిలే వెంట్రుకవాసి సందు లెక్కకు మించి గాలిని పోనివ్వకూడదు. అందుచేత ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు, ఏ పని నిపుణుడికి ఇవ్వాలి అన్న ప్రశ్నకు నేను పాటించే గీత ఒక్కటే: పలక మూసుకునే చోటును తాకని పని చేత్తో చేసుకోవచ్చు, దానిని తాకే ప్రతి పనీ మిషన్ మీద, కొలతలతో జరగాలి.

ఇక్కడ చెప్పేదంతా ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజన్లకు వర్తిస్తుంది. కార్బ్యురేటర్ సంగతి వేరు. డీజిల్ ఇంజన్లలో కనిపించే థ్రాటిల్ చేసే పని కూడా వేరు.

ముందుగా పీడనం కొలవండి

బోరు పెంచాలని నిర్ణయించుకోవడానికి ముందే, ఇప్పుడున్న బోరు ఇంజన్‌కు నిజంగా అడ్డం పడుతున్నదా అన్నది తేల్చుకోవాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఓబీడీ పోర్టుకు (బండిలోని కంప్యూటర్ సమాచారాన్ని చదివే సాకెట్‌కు) తగిలించే చిన్న అడాప్టరు, ఫోనులో రీడింగులను నమోదు చేసే ఒక యాప్ ఉంటే చాలు. మానిఫోల్డ్ (థ్రాటిల్ బాడీ నుంచి సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) పీడనాన్ని కొలిచే సెన్సార్ ఉన్న వాహనమైతే, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రమే ఆన్ చేసినప్పుడు ఆ సెన్సార్ బయటి వాతావరణ పీడనాన్ని చూపిస్తుంది. విజయవాడ, కాకినాడ వంటి తీరప్రాంతపు ఊళ్లలో అది సుమారు 100 కిలోపాస్కల్ ఉంటుంది. సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. ఆ అంకెను రాసుకుని, రద్దీ లేని సురక్షితమైన చోట గానీ డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద గానీ, రెండో గేరులో యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి గరిష్ఠ ఆర్‌పీఎం దాకా తీసుకువెళ్లండి. రీడింగులను పక్క సీటులోని మనిషి చూడాలి, లేదా యాప్ నమోదు చేయాలి; నడిపేవారు ఫోను వైపు చూడకూడదు.

పై అంచు ఆర్‌పీఎంలో మానిఫోల్డ్ పీడనం బయటి పీడనం కన్నా ఒకటి రెండు కిలోపాస్కల్ మాత్రమే తక్కువగా ఉంటే, థ్రాటిల్ బాడీని ఎంత పెద్దది చేసినా ఇంజన్‌కు కొత్తగా దక్కేది ఏమీ ఉండదు. ఆ కొద్దిపాటి నష్టంలో కూడా ఎయిర్ ఫిల్టర్, దాని గొట్టం వాటా కలిసే ఉంటుంది. తేడా నాలుగైదు కిలోపాస్కల్ దాటితే మొదట కొత్త ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతేనే థ్రాటిల్ బాడీని అనుమానించడానికి కారణం ఉన్నట్టు.

ఈ ఫలితం ఎందుకు ఇలా వస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. 1.3 లీటర్ల ఇంజన్, 50 మి.మీ. బోరు, 8 మి.మీ. షాఫ్ట్ (పలకను మోసే అడ్డ కడ్డీ) ఉన్నాయనుకుందాం. 6000 ఆర్‌పీఎం దగ్గర ఆ ఇంజన్ సెకనుకు సుమారు 55 లీటర్ల గాలిని లాగుతుంది. షాఫ్ట్ అడ్డాన్ని తీసివేస్తే బోరులో మిగిలే వైశాల్యం దాదాపు 1560 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి గాలి వేగం సెకనుకు 35 మీటర్లు. ఆ వేగానికి పోయే పీడనం ముప్పావు కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. అంటే వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు. బోరును 54 మి.మీ.కు పెంచితే వైశాల్యం 16 శాతానికి పైగా పెరుగుతుంది. చెప్పుకోవడానికి అది పెద్ద అంకెగానే వినిపిస్తుంది కానీ, అది తగ్గించేది ఆ ముప్పావు కిలోపాస్కల్‌లో కొంత భాగాన్ని మాత్రమే.

మరి ఈ సవరణకు అంత పేరు ఎలా వచ్చిందంటే, అది పుట్టిన చోట దానికి అర్థం ఉంది. అమెరికాలో 1990ల తొలినాళ్ల ఫోర్డ్ ముస్టాంగ్‌లో 5 లీటర్ల ఇంజన్‌కు 60 మి.మీ. థ్రాటిల్ బాడీ ఉండేది. దానికి 65, 70, 75 మి.మీ. బాడీలు బజారులో విరివిగా దొరికేవి. తరువాత వచ్చిన జనరల్ మోటార్స్ 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజన్‌కు 75 మి.మీ. బాడీ ఉండేది, దాని లోపలి అంచులను ఇంట్లోనే నునుపు చేసుకోవడం ఔత్సాహికులకు తొలి పాఠంలా మారింది. పై లెక్కనే ఎల్ఎస్1కు వేస్తే గాలి వేగం రెట్టింపవుతుంది. పీడన నష్టం వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి అది నాలుగు రెట్లయి, మూడు కిలోపాస్కల్‌కు చేరుకుంటుంది. అక్కడ ఏదైనా మిగుల్చుకునే అవకాశం ఉంది. మన వీధుల్లో తిరిగే 1.2 లీటర్ల కారుకు అదే వైద్యం చేయబోతే, లేని జబ్బుకు మందు వేసినట్టే అవుతుంది. టర్బో ఉన్న ఇంజన్లలోనైతే ఇంకా తక్కువ ప్రయోజనం. మానిఫోల్డ్‌లో ఎంత పీడనం ఉండాలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) నిర్ణయిస్తుంది, థ్రాటిల్ దగ్గర పోయిన కొద్దిపాటి పీడనాన్ని టర్బో భర్తీ చేస్తుంది.

పెద్ద థ్రాటిల్ వేయించిన వారు పికప్ పెరిగిందని చెప్పే మాట అబద్ధం కాదు. పెడల్‌ను పావు వంతు నొక్కినప్పుడు పాత బోరు కన్నా కొత్త బోరు ఎక్కువ సందు ఇస్తుంది. అందువల్ల బండి తొందరగా కదిలినట్టు అనిపిస్తుంది. పాత బాడీతో పెడల్‌ను మరికొంచెం ఎక్కువ నొక్కినా అదే జరుగుతుంది. పెడల్ నేలకు తగిలిన తరువాత రెండింటికీ తేడా ఎంత అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీరు ముందే కొలిచి పెట్టుకున్నారు.

మూసుకునే చోటు ఎందుకు అంత ముఖ్యం

50 మి.మీ. బోరు చుట్టుకొలత 157 మి.మీ. పలక అంచు చుట్టూ కొత్తగా 0.05 మి.మీ. సందు ఏర్పడితే, అది మొత్తం కలిపి దాదాపు 8 చదరపు మిల్లీమీటర్లు. అంటే పలకకు 3 మి.మీ. రంధ్రం పొడిచినంత పని. ఐడిల్‌లో, అంటే పెడల్ నొక్కకుండా ఇంజన్ నడుస్తూ ఉన్నప్పుడు, మానిఫోల్డ్ పీడనం వాతావరణ పీడనంలో మూడో వంతుకు పడిపోతుంది కాబట్టి ఆ సందులో గాలి ధ్వని వేగంతో దూసుకుపోతుంది. చిన్న ఇంజన్‌కు ఐడిల్‌లో సెకనుకు రెండు మూడు గ్రాముల గాలి సరిపోతుంది. ఈ సందు ఒక్కటే ఒకటిన్నర గ్రాముల దాకా పోనిస్తుంది. దానితో, ఐడిల్‌కు కావలసిన గాలిని విడిగా వదిలే ఐడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకున్నా ఆర్‌పీఎం దిగదు. ఎమరీ పేపరుతో ఓపికగా అరగంట రుద్దితే 0.05 మి.మీ. పోవడం ఏమంత కష్టం కాదు. నా మొదటి ప్రయత్నంలో నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. బోరును అద్దంలా మెరిపించి బిగించిన తరువాత ఆ ఇంజన్ 1600 ఆర్‌పీఎం కన్నా కిందికి రాలేదు. చివరకు పాత సామాన్ల దుకాణంలో మరొక బాడీ కొనుక్కోవలసి వచ్చింది.

మరొక సంగతి. చూడటానికి గుండ్రంగా ఉన్నా పలక పూర్తి వృత్తం కాదు. అది బోరుకు నిట్టనిలువుగా కాక కొన్ని డిగ్రీల వాలుతో మూసుకుంటుంది. లేకపోతే బోరులో ఇరుక్కుపోతుంది. ఏడు డిగ్రీల వాలు ఉందనుకుంటే, 50 మి.మీ. బోరుకు పలక పొడవు 50.4 మి.మీ.కు దగ్గరగా ఉండాలి, వెడల్పు మాత్రం బోరుతో సమానంగా ఉండాలి. అంచు కూడా ఆ వాలుకు తగినట్టు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఇత్తడి రేకును కత్తిరించి ఆకురాయితో గుండ్రంగా రాసి పలక చేయడం సాధ్యం కాదనడానికి ఇదే కారణం.

ఇంట్లో చేసుకోదగిన పని

ఇంట్లో చేసే పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది శుభ్రం చేయడమే. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి పలక వెనుక, అంచు చుట్టూ నల్లటి జిగురుగా పేరుకుంటుంది. చాలా కాలంగా తుడవని బాడీలో ఐడిల్ ఊగిసలాటకు, పెడల్ మొదట్లో పట్టినట్టు ఉండటానికి ఈ జిగురే కారణమవుతుంది. బోరు పెంచాలనుకున్న వారిలో సగం మంది కోరిక ఇక్కడే తీరిపోతుందని నా అభిప్రాయం.

ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ప్రతి గొట్టం, ప్రతి కనెక్టర్ ఎక్కడ ఉందో ఫొటోలు తీసుకోండి. కొన్ని బాడీల అడుగున కూలెంట్ పోయే దారి ఉంటుంది. ఆ గొట్టాలు ఊడదీయగానే కూలెంట్ కారుతుంది కనుక వాటిని మూయడానికి బిరడాలు దగ్గర ఉంచుకోండి. బాడీ బయటికి వచ్చిన వెంటనే మానిఫోల్డ్ మూతిలో శుభ్రమైన పెద్ద గుడ్డ కుక్కండి. చిన్న గుడ్డపీలికలు వద్దు. లోపలికి జారినదాన్ని మరచిపోయి ఇంజన్ స్టార్ట్ చేసిన వారు ఉన్నారు. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌ను విప్పవలసి వస్తే, అది కూర్చున్న స్థానం తెలిసేలా సెన్సార్ మీదా బాడీ మీదా కలిసేటట్టు సన్నని గీత గీసి ఆ తరువాతే స్క్రూలు వదులు చేయండి.

శుభ్రం చేయడానికి థ్రాటిల్ బాడీ క్లీనర్ అనే పేరుతో అమ్మే స్ప్రే వాడండి. కార్బ్యురేటర్ క్లీనర్లలో కొన్ని రబ్బరు సీళ్లనూ పూతలనూ పాడుచేసేంత ఘాటుగా ఉంటాయి. స్ప్రేను నేరుగా షాఫ్ట్ చివర్ల మీదా సెన్సార్ మీదా కొట్టకుండా, గుడ్డ మీద కొట్టి తుడవాలి. జిగురు గట్టిపడిన చోట పాత టూత్ బ్రష్ చాలు. తీగ బ్రష్షును, స్క్రూడ్రైవర్ మొనను బోరులోకి రానివ్వవద్దు. కొన్ని కంపెనీలు పలక అంచుకూ బోరుకూ మాలిబ్డినం కలిసిన ముదురు రంగు పూత వేస్తాయి. అది మసి కాదు, మూసుకున్నప్పటి సందును నింపడానికి వేసిన పూత. దానిని మసి అనుకుని పీకేసిన తరువాత ఐడిల్ ఎందుకు పెరిగిందా అని తల పట్టుకోవడం షెడ్డుల్లో తరచుగా కనిపించే దృశ్యం. బాడీ మీద శుభ్రం చేయవద్దని హెచ్చరిక స్టిక్కర్ ఉందేమో ముందే చూడండి.

శుభ్రమైన బాడీని వెలుతురులో పరీక్షించండి. పలకను పూర్తిగా మూసి, వెనుక ఫోన్ టార్చి పెట్టి చూస్తే అంచు చుట్టూ సన్నని, ఒకే మందం గల వెలుగు గీత కనిపించవచ్చు, లేదా ఏమీ కనిపించకపోవచ్చు. ఒక పక్క మందంగా, మరో పక్క చీకటిగా ఉంటే పలక పక్కకు జరిగిందని అర్థం. ఆ తరువాత షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిలించండి. ఆట ఉన్నట్టు చేతికి తెలుస్తుంటే బుష్షులు గానీ బేరింగులు గానీ అరిగినట్టు. బోరు గోడ మీద పలక అంచు తగిలే చోట గోటికి తగిలే గాడి ఉంటే అది కూడా అరుగుదలే. ఈ రెండింటిలో ఏది ఉన్నా ఇంటిపని అక్కడితో ఆపివేయాలి.

అన్నీ బాగున్నాయనుకుంటే, ఇక చేత్తో చేయదగిన సవరణకు వద్దాం. పలక మూసుకున్న స్థితిలో దాని అంచు బోరుకు తగిలే గీతను మార్కర్‌తో గుర్తించి, దానికి రెండు వైపులా కనీసం పది మిల్లీమీటర్ల మేర మాస్కింగ్ టేపు అంటించండి. ఆ పట్టీ లోపల ఏ పనిముట్టూ ఆడకూడదు. ఐడిల్ మాత్రమే కాదు, పెడల్ మొదటి అంగుళంలో బండి ఎంత మృదువుగా కదులుతుందన్నది కూడా ఆ పట్టీయే నిర్ణయిస్తుంది. దానికి బయట, గాలి లోపలికి వచ్చే మూతి దగ్గర పోత పోసినప్పటి పదునైన అంచో, అచ్చు గీతో ఉంటే 240 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 400 నంబరుతో నునుపు చేయండి. అంతకు మించి మెరిపించినా గాలికి తేడా తెలియదు. మెరుపు కంటి కోసమే.

రెండో చోటు థ్రాటిల్ బాడీకీ మానిఫోల్డ్‌కూ మధ్య ఉన్న ప్యాకింగ్. చాలా వాహనాల్లో ప్యాకింగ్ రంధ్రం బోరు కన్నా చిన్నదిగా ఉండి లోపలికి తొంగి చూస్తుంటుంది, లేదా మానిఫోల్డ్ మూతి ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉండి మెట్టులా అడ్డుపడుతుంది. ప్యాకింగ్‌ను పదునైన బ్లేడుతో సరిచేయవచ్చు. మానిఫోల్డ్ మెట్టును తీయాలంటే మాత్రం మానిఫోల్డ్‌ను ఇంజన్ నుంచి పూర్తిగా దింపిన తరువాతే చేయాలి. అల్యూమినియం రజను కన్నా ఎమరీ నుంచి రాలే రాతిపొడి ప్రమాదకరం. అది సిలిండర్‌లోకి పోతే రింగులను తినేస్తుంది. పని అయ్యాక సెన్సార్లు తీసివేసిన బాడీని, మానిఫోల్డ్‌ను సబ్బు నీటితో కడిగి, గాలి పట్టి, తెల్లని గుడ్డతో లోపల తుడిచి చూడాలి. గుడ్డ మీద మరక లేనంత వరకు కడుగుతూనే ఉండాలి.

ఇంట్లో ఎప్పటికీ చేయకూడని పని ఒకటి ఉంది. పలకను షాఫ్ట్‌కు పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూల చివర్లు గాలికి అడ్డంగా ఉన్నాయని వాటిని ఆకురాయితో రాసివేసే అలవాటు కొందరికి ఉంది. కంపెనీలో ఆ చివర్లను నొక్కి చదును చేస్తారు. అవి వదులై ఊడి రాకుండా ఉండేది అందువల్లనే. ఆ చదునును రాసివేసిన స్క్రూ ఎప్పుడో ఒకనాడు ఊడి, నేరుగా ఇన్‌టేక్ వాల్వ్ గుండా పిస్టన్ మీద పడుతుంది. ఆ రెండు చివర్లు అడ్డుకునే గాలికీ ఇంజన్ ఖరీదుకూ పొంతన లేదు. ఇక గాలిని సుడి తిప్పుతాయని, థ్రాటిల్ బాడీకీ మానిఫోల్డ్‌కూ మధ్య పెట్టడానికి అమ్మే గాడుల స్పేసర్ల విషయమా? పెట్రోల్ వాల్వ్ దగ్గరే చిమ్మే ఇంజన్లలో వాటి వల్ల ప్రయోజనం లేదు.

మిషన్ షాపుకు వెళ్లవలసిన పని

బోరు పెంచడం, కొత్త పలక చేయించడం, షాఫ్ట్ బుష్షులు మార్చడం, షాఫ్ట్‌ను పలచన చేయడం అనే నాలుగూ నిపుణుడి పనులే. నిపుణుడంటే మోడిఫికేషన్ బోర్డు పెట్టుకున్న ప్రతివారూ కాదు. చాలాసార్లు ఆ బోర్డు వెనుక ఉన్న మనిషి కూడా పనిని ఊళ్లోని ఒక లేత్ షాపుకే పంపుతాడు. కనుక ఆ టర్నర్‌తో నేరుగా మాట్లాడటం మంచిది.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. బాడీని, మానిఫోల్డ్‌కు ఆనే ముఖం కిందికి ఉండేలా, మిల్లింగ్ మిషన్ బల్ల మీద బిగించి, ఇప్పుడున్న బోరు మధ్యబిందువును డయల్ గేజ్‌తో పట్టుకోవాలి. షాఫ్ట్ రేఖ ఆ మధ్యబిందువు గుండా పోతున్నదో లేదో సరిచూసిన తరువాతే బోరింగ్ హెడ్‌తో కొద్దికొద్దిగా కోయాలి. అంతకంటే ముందు గోడ మందం కొలవాలి. కూలెంట్ దారి, ఐడిల్ గాలి దారి, వాక్యూమ్ రంధ్రాలు బోరుకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడకుండా మొదలుపెట్టే వారికి బాడీ ఇవ్వకండి. కొత్త పలకను చేయడానికి, మూసుకునే కోణానికి సమానంగా ఏటవాలుగా కోసిన రెండు గుండ్రని దిమ్మెల మధ్య ఇత్తడి రేకును బిగించి, ఆ మొత్తాన్ని లేత్ మీద తిప్పుతూ బోరు కొలతకు దించుతారు. అలా చేస్తే పలకకు కావలసిన కోడిగుడ్డు ఆకారమూ, అంచు వాలూ రెండూ ఒకేసారి వాటంతట అవే వస్తాయి. టర్నర్‌ను మీరు అడగవలసిన మొదటి ప్రశ్న పలకను ఎలా చేస్తారన్నదే. ఈ దిమ్మెల పద్ధతి గానీ, దానికి సమానమైన సీఎన్‌సీ పద్ధతి గానీ చెప్పని వారి దగ్గర నుంచి మర్యాదగా వెనక్కి రండి.

పలకను బిగించేటప్పుడు స్క్రూలను సగమే బిగించి, పలకను రెండు మూడుసార్లు టక్కున మూయనిచ్చి, అది బోరులో తన స్థానం తాను వెతుక్కున్న తరువాత పూర్తిగా బిగించాలి. స్క్రూలు కొత్తవై ఉండాలి. వాటికి లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పూసే జిగురు) పూసి, చివర్లను మళ్లీ నొక్కి చదును చేయాలి. పని పూర్తయ్యాక సందులో 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందులను కొలిచే పలచని రేకు) ఏ పక్కా దూరకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ ఒక్క షరతు వల్ల కొంతమంది పని తీసుకోవడానికే వెనకాడతారు, అదీ మంచిదే.

షాఫ్ట్ గురించి ఒక మాట. పైన చెప్పిన 50 మి.మీ. బోరులో 8 మి.మీ. షాఫ్ట్ అయిదో వంతు వైశాల్యాన్ని ఆక్రమిస్తుంది. కాబట్టి షాఫ్ట్‌లో సగం మందాన్ని తీసివేసి పలకను నేరుగా దాని మీద కూర్చోబెట్టడం, బోరు పెంచకుండానే గాలికి దారి పెంచే తెలివైన పద్ధతి. రేసు బండ్లలో ఇది పాత విద్య. రోజూ తిరిగే బండికి నేను సలహా ఇవ్వను. పలచబడిన షాఫ్ట్ స్ప్రింగు బిగువుకు మెలి తిరిగితే పలక ఒక పక్క ముందు తగిలి పట్టేస్తుంది.

కొందరు ఫ్లో బెంచ్ (ఒక భాగం గుండా ఎంత గాలి పోతుందో కొలిచే యంత్రం) మీద పరీక్షించి, 15 శాతం ఎక్కువ గాలి పోతున్నదని కాగితం చూపిస్తారు. ఆ కాగితం అబద్ధం కాకపోయినా, దానిని సరిగా చదవాలి. ఫ్లో బెంచ్ పరీక్ష ఎక్కువగా 28 అంగుళాల నీటి పీడనం దగ్గర చేస్తారు. అది దాదాపు 7 కిలోపాస్కల్. మన 1.3 లీటర్ల ఇంజన్ తన బోరులో పోగొట్టుకునేది ముప్పావు కిలోపాస్కల్ మాత్రమే. అంటే ఆ ఇంజన్ ఎన్నడూ ఎదుర్కోని పరిస్థితిలో సాధించిన లాభాన్ని ఆ కాగితం చూపిస్తున్నది. డైనో కాగితమైతే, పాత బాడీతో ఒకసారి, కొత్త బాడీతో ఒకసారి, అదే రోజు, అదే ఉష్ణోగ్రతలో, మూడేసి పరుగులు తీయమని అడగండి. ఒకే బండిని మార్పు లేకుండా మూడుసార్లు పరిగెత్తించినా ఒకటి రెండు హార్స్‌పవర్ తేడా వస్తుంది. అంతకన్నా తక్కువ లాభాన్ని లాభంగా లెక్కించనవసరం లేదు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే

పెడల్‌కూ పలకకూ మధ్య తీగ లేని వాహనాల్లో ఇంటిపని పరిధి ఇంకా కుదించుకుపోతుంది. అక్కడ ఐడిల్‌కు వేరే వాల్వ్ ఉండదు. చిన్న మోటారు, గేర్ల సాయంతో పలకనే డిగ్రీలో కొంత భాగం మేర కదిలించి ఐడిల్‌ను నిలబెడుతుంది. కరెంటు లేనప్పుడు పలక పూర్తిగా మూసుకోకుండా స్ప్రింగుల వల్ల కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. అది లోపం కాదు. మోటారు పాడైనా బండి నెమ్మదిగా ఇంటికి చేరడానికి చేసిన ఏర్పాటు. కీ ఆన్‌లో ఉండగా ఆ పలకను వేలితో నొక్కకండి. మోటారు ఉన్నట్టుండి మూసివేస్తే వేలు నలుగుతుంది. కీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బలవంతంగా తోస్తే లోపలి గేర్లు దెబ్బతినవచ్చు.

ఈ బాడీలలో స్థానాన్ని చెప్పే సెన్సార్లు రెండు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి ఏకీభవించకపోతే ఈసీయూ పీ2135 కోడ్ పెట్టి ఇంజన్ శక్తిని తగ్గించివేస్తుంది. పలక కోణానికి ఎంత గాలి పోవాలో ఈసీయూ దగ్గర ముందే లెక్క ఉంటుంది. బోరు మారితే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు ఐడిల్ ఎక్కువగా ఉందని పీ0507, గాలి కొలతకూ థ్రాటిల్ స్థానానికీ పొంతన లేదని పీ0068 వంటి కోడ్‌లు కనిపిస్తాయి. అందుచేత ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు బోరు పెంచడమంటే ఈసీయూ మ్యాప్ (దానిలోని ఆ లెక్కల పట్టిక) మార్పించడం కూడా ఆ ఖర్చులో భాగమే. ట్యూనర్ లేకుండా టర్నర్ ఒక్కడితో ఈ పని పూర్తి కాదు.

మోటార్‌సైకిళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చాలా బైకుల్లో, ముఖ్యంగా థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు, పెట్రోల్ ఎంత చిమ్మాలన్నది థ్రాటిల్ కోణాన్నీ ఆర్‌పీఎంనూ చూసే నిర్ణయమవుతుంది. గాలిని నేరుగా కొలిచే సాధనం ఉండదు. బోరు పెరిగి గాలి ఎక్కువ పోయినా ఈసీయూకు ఆ సంగతి తెలియదు కనుక పెట్రోల్ పాత లెక్కలోనే వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది. మ్యాప్ మార్చకుండా బైక్ థ్రాటిల్ బోరు పెంచడం ఎవరు చేసినా తప్పే.

బిగించిన తరువాత

కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులను మూలమూలగా, కొద్దికొద్దిగా, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించండి. ఎం6 బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించి పానాతో బలం చూపిస్తే బాడీ వంకరపోయి పలక పట్టేస్తుంది. అందుకే తీగ థ్రాటిల్ పరీక్షను బల్ల మీద కాక, బోల్టులు బిగించిన తరువాతే చేయాలి. ఇంజన్ ఆపి ఉంచి ముప్పై సార్లు తెరిచి వదలండి. ప్రతిసారీ పలక టక్కున పూర్తిగా మూసుకోవాలి. ఇంజన్ వేడెక్కాక ఆపి, మళ్లీ అదే పరీక్ష చేయండి. ఒక్కసారి తడబడినా రోడ్డు మీదికి తీసుకువెళ్లకూడదు. పరీక్ష కోసం నడిపేటప్పుడు థ్రాటిల్ తెరుచుకుని ఉండిపోతే ముందు క్లచ్ నొక్కాలి లేదా గేరు న్యూట్రల్ చేయాలి, బ్రేకు వేసి బండి ఆగిన తరువాతే కీ తీయాలి. కదులుతుండగా కీ బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

తీగ థ్రాటిల్ ఉన్న వాహనాల్లో మల్టీమీటర్‌తో పొజిషన్ సెన్సార్‌ను చూడండి. మూసినప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు నాలుగున్నర వోల్టుల దగ్గర ఉండాలి. మధ్యలో ఎక్కడా తటాలున పడిపోకూడదు. ఐడిల్ సరిపోలేదని పలకను ఆపే స్టాప్ స్క్రూను తిప్పడం మన షెడ్డుల్లో మామూలైపోయింది. కంపెనీ రంగు పూసి మూసిన ఆ స్క్రూ ఐడిల్ కోసం పెట్టింది కాదు. పలక బోరులో ఇరుక్కోకుండా ఆపడానికి పెట్టింది. దాని జోలికి వెళ్లకుండా, ఈసీయూకు మళ్లీ నేర్పించే పద్ధతిని మాన్యువల్ ప్రకారం పాటించండి. ఈ పద్ధతి వాహనాన్ని బట్టి మారుతుంది. కొన్నింటికి కీ ఆన్ చేసి కాసేపు ఉంచితే చాలు, కొన్నింటికి స్కానర్ కావాలి. శుభ్రం చేసిన వెంటనే ఐడిల్ కొంత ఎక్కువగా ఉండటం సహజం. జిగురు అడ్డు ఉన్నప్పుడు దాన్ని తట్టుకోవడానికి ఈసీయూ అలవాటు పడిన లెక్క ఇంకా దాని జ్ఞాపకంలో ఉంటుంది.

గాలి లీకును పట్టుకోవడానికి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తన లెక్క కన్నా పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతున్నదో తగ్గిస్తున్నదో చెప్పే అంకె, చూడాలి. గాలి ప్రవాహాన్ని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న ఇంజన్‌లో ఐడిల్‌లో ట్రిమ్ పది శాతానికి పైగా పెరిగి, 2500 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ సున్నాకు చేరువైతే ప్యాకింగ్ దగ్గర గాలి దూరుతున్నట్టు. మానిఫోల్డ్ పీడనం మీద ఆధారపడే ఇంజన్‌లో అదే లీకు ట్రిమ్‌లో కనిపించదు. ఐడిల్ ఆర్‌పీఎం పెరగడంగా కనిపిస్తుంది. ఈ తేడా తెలియక ట్రిమ్ బాగుంది కదా అని లీకును వదిలేసేవారు ఉన్నారు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు పరిమితులు విధిస్తుంది. 2019 సవరణతో, అనుమతి లేని మార్పుకు ఒక్కొక్క దానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా వచ్చే వీలుంది. శుభ్రం చేయడం, అరిగిన బుష్షు మార్చడం మరమ్మతు కిందికి వస్తాయి. బోరు పెంచి మ్యాప్ మార్చిన బండికి కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవడం మంచిది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు పెద్ద థ్రాటిల్ బాడీ కొనేటప్పుడు దానికి అక్కడి వాయు వనరుల మండలి ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉందో లేదో చూడాలి. ఆ నంబరు లేని భాగంతో స్మాగ్ తనిఖీ (అక్కడి వాహన కాలుష్య తనిఖీ) గట్టెక్కడం కష్టం.

అయిదు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత గాలి గొట్టం ఒక్కసారి విప్పి, పలక స్క్రూలు కదలకుండా ఉన్నాయో లేదో చూసి, మొదటి రోజు కొలిచినట్టే మానిఫోల్డ్ పీడనాన్ని మళ్లీ కొలిచి ఆ అంకె పక్కనే రాసుకోండి. పాత పలకనూ పాత స్క్రూలనూ పారేయకుండా ఒక కవరులో వేసి, బండి పేరు రాసి పెట్టండి. కొత్త పలక సరిపడకపోతే, దాన్ని మళ్లీ చేసే టర్నర్ మొదట అడిగేది పాత పలకనే.